అక్క రథారోహణం

కావ్యమన్నాక ముందు ఇష్టదేవతా స్తుతి ఉండాలి. మా బండి డ్యాష్‌బోర్డు మీద బొటనవేలంత వినాయకుడున్నాడు. జిగురు ఊడిపోయి, బ్రేకు పడ్డప్పుడల్లా ముందుకు వాలి సాష్టాంగపడతాడు. దేవుడే నమస్కారం పెట్టే బండికి మనం వేరే స్తుతి చేయడం బాగుండదు. తర్వాత కుకవి నింద. అది ఫోన్లో ‘మూడు రోజుల్లో కారు’ అని వీడియోలు పెట్టేవాళ్లకి. వాటిని చూసే మా అక్క ఈ రణరంగంలోకి దిగింది. కథానాయిక ఆమె. వయసు 47. ఊరు తోటపల్లి గూడూరు.

ఇక పురవర్ణన. గూడూరు అనగానే రైలు జంక్షను గుర్తొచ్చేవాళ్లకి ముందే చెప్పాలి, అది వేరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు అది తిరుపతి జిల్లాకి వెళ్లిపోయింది. మాది నెల్లూరును వదలని గూడూరు, వాడుకలో టి.పి.గూడూరు. ఆ పురమున మేడలు మేఘములను ఒరసికొనవు, ఆ పని సెల్ టవర్లు చూసుకుంటాయి. కోటకు అగడ్త ఉండాలి కదా, మాకు రొయ్యల గుంటలున్నాయి. తూర్పున కోడూరు దగ్గర సముద్రుడు ఘోషిస్తూనే ఉంటాడు గానీ, రాత్రిపూట ఊళ్లో వినబడే ఘోష ఆయనది కాదు, గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లది. పాలసముద్రాన్ని ఒక్కసారి చిలికినందుకే పురాణం రాశారు. మావాళ్లు రోజూ చిలుకుతారు, అడిగేవాళ్లు లేరు.

ఆ చిలకడంలోంచే ఈ కథ పుట్టింది. రాత్రి నీళ్లలో ఉన్న ప్రతి ప్రాణీ గాలి పీల్చుకునేదే తప్ప ఇచ్చేది ఉండదు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు గనక కరెంటు పోయి, కాపలా మనిషికి జనరేటర్ అందుకోకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఆ మాట ఫోన్లో వింటే మా బావ మంచం మీద నిలవడు. కానీ ఆయన కంట్లో శుక్లం. రాత్రి ఎదురు బండి లైటు పడితే రోడ్డు మొత్తం పాలపొంగులా కనబడుతుందట. ఒక రాత్రి రెండు గంటలకి కారు తీసుకెళ్లి కాలవగట్టు మీద సరుగుడు చెట్టును ఆలింగనం చేసుకున్నాడు. చెట్టుకీ ఆయనకీ ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున అక్క నాకు ఫోన్ చేసి, “ఒరే అబ్బయ్యా, నాకు కారు నేర్పు” అంది. అందులో అడగడం ఏమీ లేదు, చెప్పడమే.

రథం సంగతి. మారుతి 800. అర్జునుడి తేరు మీద జెండాలోనే హనుమంతుడు. మాకు బండి పేరే మారుతి. ఆయన తేరుకు తెల్ల గుర్రాలు నాలుగు, దీనికి కంపెనీ లెక్కన 37. వయసు మీద పడ్డాక వాటిలో ఎన్ని బతికున్నాయో లెక్కెట్టలేదు.

నెల్లూరు మనిషికి ఇక్కడ తిక్కన గుర్తు రాకపోతే తప్పు. నన్నయ ఆపిన అరణ్యపర్వం జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెలుగు చేశాడాయన. విరాటంతోనే ఎందుకు మొదలెట్టాడంటే పండితులు తలా ఒక మాట చెప్తారు. అందులో డ్రైవింగ్ పాఠం ఉంది కాబట్టి అని నా అనుమానం. ఆడవాళ్ల మధ్య కోతలు కోసిన ఉత్తరుడు కౌరవ సేనను చూడగానే రథం దూకి పారిపోతాడు. బృహన్నల వెంటపడి పట్టుకొచ్చి, ఈసారి పగ్గాలు ఆ కుర్రాడి చేతికిచ్చి, తను వెనక నిలబడి నడిపిస్తాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్పేదీ ఇంతే: నేర్చుకునేవాళ్ల పక్కన, అవసరమైతే బండి ఆపగలిగేట్టు, లైసెన్సున్న మనిషి కూచోవాలి. ఎల్‌ఎల్‌ఆర్‌కి దరఖాస్తు పెట్టే సర్కారు వెబ్‌సైటు పేరు కూడా ‘సారథి’. పేరు పెట్టినాయన విరాటపర్వం చదివే ఉంటాడు.

కృతి ఎవరికి అంకితం అంటే, షష్ఠ్యంతాలు ఇలా: పదునెనిమిది సెంటీమీటర్ల చదరపు ధవళ ఫలకమునకున్, అందు పది సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున నిలిచిన రక్తాక్షరమునకున్, అడుగున తొమ్మిది సెంటీమీటర్లు కాలు చాపుకొన్న సుఖాసీనమునకున్, ముందొకటి వెనకొకటిగా వెలసిన ద్విమూర్తికిన్, వెనక వచ్చు కృష్ణపట్నం లారీల వారికి సైతము కరుణ పుట్టించు ఎల్ బోర్డునకున్. ఈ కొలతలన్నీ నియమాల్లో ఉన్నవే. అక్క స్కేలు పెట్టి కొలిచి, ఇంటర్ చదివే కొడుకు చేత మళ్లీ రాయించింది.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో 20 ప్రశ్నలకి 12 ఒప్పయితే గట్టెక్కినట్టే. అక్కకి 19 వచ్చాయి. అక్కడి నుంచి ప్రశ్నలు అడిగే వంతు ఆమెది.

“కాళ్లు రెండే ఉంటే తొక్కేవి మూడు పెట్టారేందిరా?”

ఇది ప్రపంచంలో కారు నేర్చుకున్న ప్రతివాళ్లూ అడిగిందే. ఎడమకాలు క్లచ్చికి, కుడికాలు మిగతా రెండింటికీ అన్నాను. “అంటే కుడికాలికి ఇద్దరు పెళ్లాలు. ఒకదాన్ని తొక్కేప్పుడు ఇంకోదాని మీద ఉండగూడదు” అని అర్థం చేసుకుంది. ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

ఇప్పుడు క్లచ్చి వర్ణన. దీనికొక ఆశ్వాసం కేటాయించినా తక్కువే. అరచేతి వెడల్పున్న నల్లని రబ్బరు పీఠము, గీతలరిగి, నడుమ నునుపుదేరి, ఏండ్ల తరబడి బావ పాదధూళిచే పునీతమై, స్టీరింగు కింది చీకటి గుహలో తపస్సు చేయుచుండును. దానిని అడుగంట తొక్కిన ఇంజనుకు చక్రములకు వియోగము, విడిచిన సమాగమము. ఆ వియోగ సమాగమముల నడుమ, వేలెడైనను లేని చోట, హాఫ్ క్లచ్చి అను సంధికాలము కలదు. అచ్చట ఇంజను ఒక్క మూలుగు మూలుగును, బానెట్టు ముక్కు రవ్వంత లేపును, సీటు కింద సన్నగా వణుకు పుట్టును. ఆ క్షణము దాటి కాలు లేపిన రథము కప్పవలె ఎగిరి ప్రాణము విడుచును, వినాయకుడు సాష్టాంగపడును.

మొదటిరోజు ఆయన చేత 31 సార్లు సాష్టాంగం పెట్టించింది అక్క. చెప్పులు విడిచి, మెట్టెల కాలు పెడలు మీద పెట్టి, పెదవి కొరుక్కుంటూ. “ఎంత వదలాల్రా? బెత్తెడా, రెండేళ్లా?” కొలత చెప్పలేక నీళ్లు నమిలాను. నాకు వచ్చు గానీ ఎలా వచ్చో తెలియదు. నేర్పేవాళ్లందరి బండారం బయటపడేది అక్కడే. చివరికి ఆమే దారి కనిపెట్టింది. “అబ్బయ్యా, ఇది బావిలో చేద దించినట్టు. తాడు ఒక్కసారి వదిలితే చేద దబ్బున పడి పగులుద్ది. నీళ్లు తగిలినట్టు చేతికి తెలిసినాక కొంచెం ఆపి, తర్వాత వదలాల.” ఆ మాటతో బండి కదిలింది. ఎద్దు అడుగేసినంత మెల్లగా, ఎగరకుండా, వినాయకుడు తొణక్కుండా. నేను నోరు మూసుకుని కూచున్నాను.

గేరు మార్చేప్పుడు కిందికి చూడొచ్చా? చూడకూడదు, అన్నం కలిపేప్పుడు చెయ్యి చూసుకుంటామా. మలుపులో క్లచ్చి తొక్కి ఉంచాలా? వద్దు. అద్దం ఎట్టా పెట్టుకోవాలి? వెనకద్దం మొత్తం అందులో పడేట్టు. అక్క సర్దాక అందులో ఆమె బొట్టూ, చెవికమ్మా నిండుగా కనబడ్డాయి, రోడ్డు కనబడలేదు.

హారన్ దగ్గర మాత్రం ధర్మసంకటం వచ్చింది. ముందు మా అక్క మామగారు పంచె ఎగగట్టి, రోడ్డు నడిమధ్య నడిచిపోతున్నాడు. చెవులు కొంచెం మందం. నేను హారన్ కొట్టమన్నాను. అక్క స్టీరింగ్ మీది చెయ్యి తీసి కొంగు సర్దుకుంది. “మామయ్యకి హారన్ కొట్టేదేందిరా, కళ్లు పోతాయి.” గురువుల మీద బాణం వేయాల్సి వచ్చిన అర్జునుడు వాళ్ల పాదాల ముందు పడేట్టు వేసి నమస్కరించాడని వింటాం. పాదాల ముందు పడే హారన్ మా బండికి లేదు. అలా ఫస్టు గేరులో, ఆ పెద్దాయన ఇల్లు చేరేదాకా, వెనకాలే నడిచాం. ఆయన అరుగెక్కి తిరిగి చూసి, “ఎంతసేపయిందమ్మా వచ్చి? ఒక మాట అరవగూడదా” అన్నాడు.

ఇక యుద్ధవర్ణన. ఏప్రిల్. కోతలైపోయాయి, రోడ్డుకి ఒక పక్క వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు. రెండో పక్క కయ్యలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ కయ్యలంటే నెల్లూరు సీమలో బాతుల మందలు దిగుతాయి, రాలిన గింజలు ఏరుకోడానికి. అక్షౌహిణిలో కాల్బలం 1,09,350 అని లెక్క. రథాలు, ఏనుగులు, గుర్రాలు అదనం. ఈ సేనలో అంతా కాల్బలమే. పసుపుపచ్చని ముక్కులు ముందుకు సాచి, తోకలాడిస్తూ, భేరీలూ శంఖాలూ అక్కర్లేని గొంతులతో, కయ్యలోంచి కట్టెక్కి రోడ్డు మీదికి పొంగుకొచ్చింది. వెనక సేనాపతి భుజాన తువ్వాలు, చేతిలో పొడుగాటి కర్ర. ఎడమన బాతులు, కుడిన వడ్లు, వెనక ఐసు పెట్టెల ఆటో, నడుమ అక్క.

“ఏం చెయ్యాల?” అంది.

“రెండూ తొక్కు, క్లచ్చీ బ్రేకూ.”

తొక్కింది. ఆగింది. అంతవరకు మెచ్చుకోవాలి. తర్వాత హ్యాండు బ్రేకు లాగి, తలుపు తీసుకుని దిగి, చెప్పుల్లేని కాళ్లతో ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. “నా వల్ల కాదు నాయనా. రొయ్యలు తేలితే తేలనీ.” నేను దిగి పరిగెత్తాను. బృహన్నల పరిగెత్తినప్పుడు జడ ఊగిందట. నాకు జడ లేదు, పొట్ట ఉంది. సరుగుడు తోపు దగ్గర పట్టుకున్నాను. ఆయనకైతే జమ్మిచెట్టు మీద గాండీవం ఉంది, నా దగ్గర ఉన్నది మజ్జిగ సీసా. అది తాగించి, బాతులు దాటేదాకా నీడలో కూచోబెట్టాను. సేనాపతి పోతూ పోతూ, “భలే ఆపినావు తల్లా, ఒక్కటి గూడా తగల్లా. మొగోళ్లయితే తొక్కిచ్చేస్తారు” అన్నాడు. ఆ ఒక్క మాట నా నెల రోజుల పాఠాల కంటే ఎక్కువ పని చేసింది. అక్క లేచి వెళ్లి సీట్లో కూచుంది.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటాకే పరీక్ష. నెల్లూరు మాకు ఇరవై కిలోమీటర్ల లోపే. దారి పొడుగునా అవే ప్రశ్నలు: ఏమడుగుతారు, అరుస్తారా, తప్పితే డబ్బులు పోతాయా, మళ్లీ ఎప్పుడు రానిస్తారు? తప్పితే వారం రోజులాగి మళ్లీ పోవచ్చు. మూడుసార్లు తప్పితేనే 60 రోజుల ఎడం అన్నాను. “మూడు దాకా ఎందుకు పోనిస్తాను” అంది. మొదటిసారి వెనక్కి నడపడం, మలుపులు అన్నీ చేసి, ఎత్తు మీద ఆగి కదిలే దగ్గర బండి వెనక్కి జారింది. మా ఊరి నేల పళ్లెంలా ఉంటుంది. ఎత్తనేది ఆమె కాలికి తెలియదు. ఆ వారమంతా కాలవ వంతెన ఎక్కుతూ దిగుతూ గడిపాం. మధ్యలో నిలబడి చేద తాడు వదిలినట్టు వదలడం, హ్యాండు బ్రేకు దించడం. రెండోసారి ఎక్కేసింది. ఆ ఘట్టానికి పుష్పవృష్టి రాయాలి గానీ, ట్రాకు పక్కన ఉన్నది సర్కారు తుమ్మ.

2025 జూన్ 29, ఆదివారం. అక్క ఫోన్లో తన లైసెన్సు తీసి, ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకుని, చివరి ప్రశ్న అడిగింది.

“ఇది ఎన్నేళ్లు పనిచేస్తుందిరా?”

“ముప్పైకీ యాభైకీ మధ్య తీసుకుంటే పదేళ్లు.”

“నీది?”

“పాత చట్టం కదా. ఇరవై ఏళ్లు. లేదా యాభై నిండేదాకా, ఏది ముందైతే అది. 2004లో తీసుకున్నాను, నాకప్పుడు 22…”

చెప్తూ చెప్తూ ఆగిపోయాను. బావ టీ గ్లాసు దించాడు. పర్సులోంచి కార్డు తీశాను. 2024 జూన్ 17 దాకా అని ఉంది.

అజ్ఞాతవాసం గడువు తీరిందా లేదా అని కౌరవ సేనలో వాదన లేస్తే, భీష్ముడు అధికమాసాలు కలిపి, తీరింది, పైన 5 నెలల 12 రోజులు కూడా గడిచాయని తేల్చాడు. నా లెక్క బావ వేళ్ల మీద తేల్చాడు. గడువు తీరాక ఏడాది లోపు వెళ్తే పరీక్ష లేకుండా కొత్తది ఇస్తారు. ఏడాది దాటితే మళ్లీ పరీక్షకి నిలబడాలి. నాకు దాటి 12 రోజులు. అయిదు నెలలు లేవు గానీ ఆ పన్నెండు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

“మరి ఇన్ని రోజులూ నా పక్కన కూచున్నది ఎవరు?” అంది అక్క.

ఆన్‌లైన్ సెంటర్ కుర్రాడు ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలు పెట్టాల్సిందే అన్నాడు. 20 ప్రశ్నల్లో నాకు 13 వచ్చాయి. ఈ సంఖ్య ఊళ్లో చాలామందికి తెలుసు. అక్క ఎల్ బోర్డు పారెయ్యలేదట. కొంగుతో దుమ్ము తుడిచి ముందొకటి, వెనకొకటి తనే కట్టింది. నన్ను స్టీరింగ్ దగ్గర కూచోబెట్టి, తను ఎడమ సీట్లో కూచుని, హ్యాండు బ్రేకు మీద చెయ్యి వేసింది.

“తాడు మెల్లగా వదులు” అంది.

ఇరవై ఏళ్లుగా నడిపిన కాలు. ఆమె చూస్తోందని గబుక్కున లేచింది. వినాయకుడు ముందుకు వాలాడు.