ఆఖరి మందు ఆత్మకథ

నేను కొలిస్టిన్‌ని. అనకాపల్లిలో ఓ ఆసుపత్రి ఫార్మసీలో, గాజు సీసాలో పొడిగా ఉంటాను. మిగతా యాంటీబయాటిక్స్ చేతులెత్తేశాకే నన్ను దింపుతారు. 1940ల చివర్లో జపాన్‌లో ఒక మట్టి బ్యాక్టీరియా నుంచి బయటపడ్డాను. నాది పది అమైనో ఆమ్లాల ఒళ్లు: ఏడు ఉంగరంగా చుట్టుకున్నాయి, మూడు తోకగా వేలాడుతున్నాయి, తోక చివర కొవ్వు ఆమ్లం. వాటిలో సగానికి పైగా మామూలు ప్రోటీన్లలో ఉండనివే కనుక, ప్రోటీన్లను కోసే ఎంజైములకు తేలిగ్గా చిక్కను. నాలోని అయిదు ధనావేశాలు గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలోని రుణావేశాలను పట్టుకుంటే, తోక లోపలికి దిగి పొరను చెదరగొడుతుంది. కిడ్నీలనూ దెబ్బతీస్తానని 1970లలో పక్కనపెట్టారు. కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్స్‌కూ లొంగని క్రిములు పెరిగాక మళ్లీ పిలిచారు.

ఇలా దాచుకున్న నన్నే కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలో కలిపారు. 2015లో చైనాలో ఎంసీఆర్-1 జన్యువు బయటపడింది. అది పైపొరలోని రుణావేశాన్ని తగ్గించి నా పట్టు సడలిస్తుంది. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుంది. 2019లో మన కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జీవాలకు నన్ను వాడకూడదంది. ఆ నిషేధం అవసరమే, కానీ చాలదు. చంపే మందు ఎక్కడ పారితే అక్కడ దాన్ని తట్టుకున్నవే మిగులుతాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో తేలింది. పరవాడ ఫార్మాసిటీ ఉన్న ఈ జిల్లాకు అది పొరుగూరి కబురు కాదు.

అందుకే నా తరవాతి తరానికి చంపే బలం కన్నా కవచం విప్పే నేర్పు ముఖ్యమంటాను. నా దగ్గరి చుట్టం పాలిమిక్సిన్-బి తోక కొస తీసేస్తే మిగిలిన తొమ్మిది అమైనో ఆమ్లాల అణువు తానుగా పెద్దగా చంపదు. పైపొరను వదులు చేసి రిఫాంపిసిన్, ఎరిత్రోమైసిన్ వంటి పెద్ద యాంటీబయాటిక్ అణువులకు దారిస్తుందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 1983లో చూపారు. ఆ దారిలోనే ధనావేశాలను మూడుకు కుదించి, కిడ్నీలపై భారం తగ్గేలా తయారుచేసిన ఎస్‌పీఆర్741 మనుషులపై తొలిదశ పరీక్షల దాకా వెళ్లింది.

ఈ పద్ధతినీ బ్యాక్టీరియా ఓడించదా అంటే, ఓడించగలదు. ఈ అణువులకూ పట్టు దొరికేది పైపొరలోని ఆ రుణావేశం మీదే. ఆ దారిలో లోపలికి వెళ్లే తోడుమందుకు నిరోధం వచ్చినా జంట కూలుతుంది. రిఫాంపిసిన్‌ను క్షయ రోగుల కోసం కాపాడుకోవాలన్న అభ్యంతరమూ న్యాయమే. ఇవి తోడును జాగ్రత్తగా ఎంచుకోమనే కారణాలు. ఆలోచననే వదిలేయమనేవి కావు. ఒంటరిగా చంపే మందుకు పట్టిన గతి నా చరిత్రలోనే ఉంది. కాబట్టి కొత్త అణువును గీసేటప్పుడే దాని తోడుమందును, వాడే పరిమితిని, ఫ్యాక్టరీ వదిలే నీటిలో అది ఎంత ఉండొచ్చన్న హద్దును కూడా తేల్చుకోవాలి.