పన్నెండు లీటర్ల అమెజాన్

"ఒక్కసారి సెట్ చేసుకుంటే చాలు సార్, ఇంక మీరు చెయ్యి పెట్టే పనే లేదు. చేపలు మొక్కలకి ఎరువేస్తాయి, మొక్కలు నీళ్లు శుభ్రం చేస్తాయి. మొత్తం నేచురల్."

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ అక్వేరియం షాపుకెళ్లినా ఈ మంత్రం చెవిన పడుతుంది. ఎదురుగా బల్ల మీద అడుగు పొడవు గాజు పెట్టె. లోపల నల్లటి మట్టి, వంకర తిరిగిన కర్ర, దానికి అంటించిన పచ్చని నాచు, పైన క్లిప్పుతో బిగించిన లైటు. ప్రకృతి మొత్తం రెడీ, జీఎస్టీ అదనం.

ఆ ప్రకృతి కొలతలు ఓసారి చూద్దాం. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20, ఎత్తు 20. అంటే 12 లీటర్లు. మట్టి, రాళ్లు, కర్ర ఆక్రమించింది పోగా, పైన రెండు వేళ్ల వెలితి ఉంచగా మిగిలేది సుమారు తొమ్మిది. స్నానానికి పట్టుకునే బకెట్లో సగం. ఈ సగం బకెట్లోకి అమెజాన్ జాతి నియాన్ టెట్రాలు పది, థాయ్‌లాండ్ వాడి బెట్టా ఒకటి, పిల్లాడు మారాం చేశాడని గోల్డ్‌ఫిష్ రెండు. ఆ గోల్డ్‌ఫిష్ సరిగ్గా చూసుకుంటే జానెడు దాటి పెరుగుతుందనీ, పదేళ్లకు పైగా బతుకుతుందనీ, ఈలోగా మొక్కల్ని ఆకుకూరలా మేసేస్తుందనీ షాపతను చెప్పడు. అతనప్పటికే కవరుకి రబ్బరు బ్యాండు చుట్టేస్తున్నాడు.

తర్వాత జరిగేదాంట్లో రహస్యమేమీ లేదు. చేప శరీరంలోని నత్రజని వ్యర్థం చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, ఆ నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి. రెండూ ఫిల్టరు స్పాంజిలో, మట్టిలో, రాళ్ల మీద కాపురం పెట్టి సంతానాన్ని పెంచుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నిన్న కొన్న ట్యాంకులో అవి లేవు. చేపలు మాత్రం ఉన్నాయి. పైగా మన బోరునీళ్లు చాలాచోట్ల క్షారం వైపు మొగ్గుతాయి, అలాంటి నీళ్లలో అమ్మోనియా విషం మరింత పదునెక్కుతుంది.

మరి మొక్కలు? నిజమే, జోరుగా పెరిగే మొక్కలు గుబురుగా ఉంటే అమ్మోనియాని అవే లాగేసుకుంటాయి. అక్కడే ఉంది తిరకాసు. ఈ మొక్కల్లో చాలావాటిని నర్సరీల్లో నీళ్లకు పైనే, తేమ గాలిలో పెంచుతారు. నీళ్లలో ముంచగానే ఆ పాత ఆకులు కరిగి కుళ్లి, కొత్త ఆకులు రావాలి. అంటే అమ్మోనియాని తినాల్సిన మొదటి వారాల్లో ఈ మొక్కలే కుళ్లి ఇంకాస్త అమ్మోనియాని కలుపుతాయి. నాలుగు కాడలు గుచ్చి దాన్ని అడవి అనేవాళ్లకు ఈ సంగతి పట్టదు.

నాలుగో రోజు ఒక టెట్రా పోతుంది. వారం తిరక్కముందే నాలుగు. అప్పుడు ఇంట్లో పెద్దావిడ నోట అసలు తీర్పు వస్తుంది: "పోనీలే నాయనా, మన మీదికి రావాల్సిన పీడ దాని మీదికి పోయింది."

ఈ తీర్పుకి నేను చేతులెత్తి మొక్కుతాను. ప్రపంచంలో ఏ వ్యాపారికీ దక్కని వరమిది. ఫ్రిజ్ పాడైతే జనం బిల్లు పట్టుకుని షాపు మీదికి పోతారు. మిక్సీ కాలిపోతే వినియోగదారుల కమిషన్‌కి కూడా ఎక్కుతారు. చేప చస్తే మాత్రం దణ్ణం పెట్టుకుని మరో జత కొనుక్కొస్తారు. సరుకు పాడైపోవడమే సరుకు పనిచేసిందనడానికి రుజువు! ఆ ఇంటి మీద అంత దిష్టి ఎవరు పెడుతున్నారో గానీ, వారం వారం ఒకటి చొప్పున పీడలు పోతున్నా ఈఎంఐ మాత్రం పోవడం లేదు.

దీనికి వాస్తు ముద్ర ఒకటి. ఈశాన్యంలో పెట్టాలట, తొమ్మిది చేపలుండాలట, ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. చెడునంతా మింగేది ఆ నల్లదేనట. ఈ ఎనిమిదీ ఒకటీ లెక్క చైనా వాళ్ల ఫెంగ్ షుయ్ సొత్తు. సీరియల్ లైట్లు చైనావి వద్దని వాట్సాప్‌లో పోరాడే బాబాయిలు ఈ దిగుమతిని మాత్రం మన పూర్వీకుల విజ్ఞానం కింద జమ వేసుకున్నారు. చేపలు తొమ్మిది, నీళ్లు తొమ్మిది లీటర్లు: తలా ఒక లీటరు. నగరంలో మనిషికి దొరికే జాగా కూడా ఇంచుమించు అంతేనని సమర్థించుకోవాలి కాబోలు.

ఇంతకన్నా చిన్న పాత్రల కథ వేరు. గాజు కూజాలో లక్కీ బాంబూ, దాని కింద బెట్టా, రెండూ కలిపి రిటర్న్ గిఫ్ట్. ఆ బాంబూ వెదురు కాదు, డ్రసీనా అనే నేల మొక్క. వేళ్లు నీళ్లలో ఉంటే సర్దుకుంటుంది, ఆకులు మునిగితే కుళ్లుతుంది. బెట్టాకి మొప్పలతో పాటు పైకొచ్చి గాలి పీల్చుకునే అవయవం ఉంది కాబట్టి గ్లాసుడు నీళ్లు చాలంటారు. మనమూ గాలే పీలుస్తాం. అంతమాత్రాన సెప్టిక్ ట్యాంకులో కాపురం పెట్టమని ఎవరూ అనలేదు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ గిన్నెల్లో చేపల్ని పెట్టకూడదని నిబంధనలు తెచ్చింది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, నిబంధనలు వెనక్కి వెళ్లిపోయాయి, గిన్నెలు బల్లల మీదే ఉన్నాయి.

"తకాషి అమానో ట్యాంకులు చూడలేదా?" అని ఫోన్ తీసి చూపిస్తారు కొందరు. చూశాం. 2015లో కన్నుమూసిన ఆ జపాన్ ఫొటోగ్రాఫరు గాజు పెట్టెల్లో కొండలూ లోయలూ సృష్టించిన మాట నిజం. ఆ లోయల వెనుక కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, పొడుగాటి కత్తెరలు, తరచూ నీళ్లు మార్చే చేతులు ఉన్నాయి. లిస్బన్‌లో ఆయన చేసిన ఆఖరి పెద్ద పని 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్లు. అందులో నీళ్ల తాలూకు తప్పు ఒకటి జరిగినా ఇంకిపోయేంత చోటుంది. మన తొమ్మిది లీటర్లలో పిల్లాడు ఇంకో చిటికెడు మేత వేస్తే చాలు, వ్యవహారం తారుమారు. కొత్తవాళ్లకు చిన్న ట్యాంకు తేలికనడం ఈ వ్యాపారంలోకెల్లా పెద్ద అబద్ధం.

"తనంతట తాను నడిచే ట్యాంకు" అనే ఆశ కూడా కొత్తదేమీ కాదు. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్‌ఫిష్‌నీ వాలిస్నేరియా మొక్కనీ కలిపి పెట్టి, కుళ్లిన ఆకులతో నీళ్లు చెడిపోతుంటే వాటిని తినడానికి నత్తల్ని వేశాడు. అంటే చూస్తూ, సరిదిద్దుతూ కూర్చున్నాడు. 1999లో డయానా వాల్‌స్టాడ్ మొక్కల అక్వేరియంల మీద రాసిన పుస్తకం పేరు చెప్పి "నీళ్లు మార్చక్కర్లేదు" అనేవాళ్లు, ఆమె మొదటి రోజునుంచే మొక్కలు దట్టంగా, చేపలు పలుచగా ఉండాలన్న పేజీని మాత్రం తిప్పలేదు.

మనవాళ్లు తిప్పేది ఆదివారం కుళాయి. ఎండలు ముదిరాక నీళ్లు 32 డిగ్రీలకు చేరి ప్రాణవాయువు తగ్గుతుంది, లైటు పద్నాలుగు గంటలు వెలిగి అద్దాలు పచ్చగా మారతాయి. ఇంక శుభ్రం చెయ్యాల్సిందే కదా! ట్యాంకు బోర్లించి, రాళ్లు తోమి, స్పాంజిని క్లోరిన్ నల్లా కింద పిండి పిండి తెల్లగా చేస్తారు. నెల రోజులుగా కాపురం పెట్టుకున్న బ్యాక్టీరియా కాస్తా డ్రైనేజీలోకి. మళ్లీ మొదటికి.

నాచు తింటుందని అంటగట్టే సక్కర్ చేపది మరో పురాణం. ఒకటిన్నర అంగుళాలది కొంటారు, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక జీవకారుణ్యం పొంగి చెరువులో వదిలి వస్తారు. దాని ముళ్లు వలలు చింపుతుంటే "దెయ్యం చేప" అని తిట్టుకునేది జాలర్లు, పుణ్యం కట్టుకున్నది మనం.

ఇంతకీ చెయ్యాల్సింది ఏమిటంటే, కాస్త పెద్ద ట్యాంకు కొనడం, దట్టంగా మొక్కలు నాటడం, అమ్మోనియా టెస్ట్ కిట్ పక్కన పెట్టుకుని నెలన్నర చేపలు లేకుండా ఊరుకోవడం. ఈ ముక్క చెప్పే షాపులూ లేకపోలేదు. ఓ షాపులో నా ఎదుటే ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. కొనడానికొచ్చినాయన వాచీ చూసుకున్నాడు.

"గృహప్రవేశం శుక్రవారం అండీ. ఖాళీ పెట్టె చూసి చుట్టాలు ఏమనుకుంటారు?"

షాపతను నిట్టూర్చి, వల చేతిలోకి తీసుకున్నాడు. "గురువారం సాయంత్రం పంపిస్తా సార్. నల్లది ఇంకోటి ఎక్స్‌ట్రా వేస్తాలెండి."