పిన్ని వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

"వాడికి డాక్టరమ్మే కరెక్టు. కెప్టెనైతే ఏంటట? పెళ్లయితే ఒకే చోట పోస్టింగిస్తారుగా. ముందు అన్నం తినండి."

అవతారిక

నాలుగు వాక్యాల ఈ గ్రంథం నోయిడా సెక్టార్ 29, అరుణ్ విహార్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని నోట వెలువడింది. అరుణ్ విహార్ ఫౌజీలు రిటైరయ్యాక స్థిరపడ్డ కాలనీ. అక్కడ నేమ్‌ప్లేట్లలో ముందు ర్యాంకు వస్తుంది, పేరు దాని వెనక నడుస్తుంది. శ్రోతలం ముగ్గురం: రిటైర్డ్ కర్నల్ అయిన బాబాయి, వాళ్లమ్మాయి అంటే మా చెల్లెలు, పప్పులోకి నెయ్యి కోసం చూస్తున్న నేను. పిన్ని టీవీలో యూట్యూబ్ పెట్టి పాత 'ఫౌజీ' సీరియల్ చూస్తోంది. చెల్లెలు ఫోన్‌లో కొరియా సైనికుల సీరియల్ రెండోసారి చూస్తోంది. లేని సైన్యంలో లేని మనుషులకి ఎవరికి ఎవరు జోడీ అన్న వివాదం ముదిరి, వంకాయ కూర చల్లారిపోతున్న దశలో పిన్ని తీర్పు చెప్పింది.

మన మెదక్ సీమ కొలిచారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకి సంజీవని టీక రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఆ రెండూ చేయబోతున్నాను. కాబట్టి ఆయన ప్రస్తావన ఇంతటితో సరి.

ప్రథమ వాక్యం: వాడికి డాక్టరమ్మే కరెక్టు

వాడికి = లెఫ్టినెంట్ అభిమన్యు రాయ్‌కి. 1989లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'ఫౌజీ'కి ఇతను నాయకుడు. తీసినాయన కర్నల్ రాజ్ కుమార్ కపూర్, అసలు సిసలు సైనికుడే. వేషం వేసింది అప్పటికింకా సినిమా గడప తొక్కని ఢిల్లీ కుర్రాడు షారుఖ్ ఖాన్. 

శంక: అరవై నిండిన మనిషిని 'వాడు' అనవచ్చునా? 

సమాధానం: ఇక్కడ వాడు అంటే నటుడు కాడు, పాత్ర. పాత్రలకి పదవీ విరమణ లేదు. పైగా 1989లో చూసినవాణ్ణి పిన్ని 1989లోనే ఉంచేసింది. ఆ సంవత్సరం ఆమెకెందుకంత ముఖ్యమో మూడో వాక్యం దగ్గర తేలుతుంది.

డాక్టరమ్మ = కెప్టెన్ మధు రాథోడ్, ఆర్మీ డాక్టరు. ఇంగ్లిషు ప్రకృతికి తెలుగు అమ్మ చేరిన సమాసం. ప్రభుత్వాసుపత్రి మెట్ల మీద కూర్చున్న ఎవరినడిగినా విగ్రహవాక్యం చెబుతారు.

-ఏ = అవధారణార్థకం. డాక్టరమ్మ తప్ప ఇంకొకరు కాదని మిగతావాళ్లందరినీ కొట్టేసే అక్షరం. మరి కొట్టేయడానికి మిగతావాళ్లు ఉండాలి కదా, వాళ్లెవరు? టీకాకారుడు ఇక్కడ చాలాసేపు ఆగాడు. ఎందుకంటే 1989 నాటి భారత సైన్యంలో యూనిఫాం వేసుకున్న స్త్రీ ఉండగలిగిన చోట్లు మూడే: వైద్యం, దంతవైద్యం, మిలిటరీ నర్సింగ్. ఇంజినీర్లు, సిగ్నల్సు, ఆర్డినెన్సు లాంటి శాఖల తలుపులు స్త్రీలకి తెరుచుకోవడం మొదలైంది 1992లో. కాబట్టి సైన్యం లోపలే జోడీ కుదర్చాలనుకున్న రచయిత చేతిలో ఉన్నవాళ్లు డాక్టరు, పళ్ల డాక్టరు, నర్సు. నాయకుడు తుపాకీ దెబ్బ తిని కళ్లు తెరిచేసరికి ఎదురుగా పళ్ల డాక్టరుంటే ఏ రసమూ పుట్టదు. ఇక నర్సు. నర్సును కొట్టేసింది పిన్ని కాదు. ఎవరు కొట్టేశారో తర్వాత చెబుతాను.

కరెక్టు = ప్రేమకి సంబంధించిన మాట కానే కాదు. నచ్చిందనలేదు, మనసు పడ్డాడనలేదు. రైలు టికెట్టు మీద పేరు సరిచూసుకుని కరెక్టు అంటాం, చిల్లర లెక్కపెట్టి కరెక్టు అంటాం. సంబంధం కుదిర్చే పెద్దల నిఘంటువులో దీని అర్థం 'లెక్క సరిపోయింది' అని.

పక్షాంతరం: చెల్లెలి సంప్రదాయంలో 'వాడు' వేరు, 'డాక్టరమ్మ' వేరు. 2016లో కొరియావాళ్ల కేబీఎస్ ఛానెల్ పదహారు భాగాలుగా వేసిన 'డిసెండెంట్స్ ఆఫ్ ది సన్'లో నాయకుడు కెప్టెన్ యూ షి-జిన్, నాయిక కాంగ్ మో-యోన్ అనే సివిల్ డాక్టరు. ఈ అర్థం కూడా వాక్యానికి అతుకుతుంది. అయితే చెల్లెలి మమకారం వీళ్ల మీద కాదు, ఉపకథలోని జంట మీద: సార్జెంటు హోదాలో ఉన్న సియో దే-యంగ్, లెఫ్టినెంట్ హోదాలో ఉన్న ఆర్మీ డాక్టరు యూన్ మ్యుంగ్-జు. ఆ అమ్మాయి తండ్రి లెఫ్టినెంట్ జనరల్. ఆయనకి అల్లుడుగా కెప్టెన్ కావాలి, కూతురికి సార్జెంటు కావాలి. 

"నేను వాళ్లిద్దర్నీ షిప్ చేస్తున్నా నాన్నా" అంది చెల్లెలు. 

"షిప్పులు నేవీవి. ఇది ఆర్మీ" అన్నాడు బాబాయి.

ఇక్కడ షిప్పు అంటే ఓడ కాదు. 1990లలో అమెరికాలో 'ఎక్స్-ఫైల్స్' చూస్తూ, కేసు తేలకపోయినా ఆ ఏజెంట్లిద్దరూ ఒకటైతే చాలనుకున్న అభిమానులు రిలేషన్‌షిప్ అనే మాటను నరికి తోక మాత్రం ఉంచుకున్నారు. మనవాళ్లు దీన్నే ముడిపెట్టడం అనేవారు, అందులో నీళ్ల ప్రసక్తి లేదు.

ద్వితీయ వాక్యం: కెప్టెనైతే ఏంటట?

ఇది శ్లేష. కెప్టెన్ ఎవరు? కొరియా పక్షంలో కెప్టెన్ మగవాడు. ఫౌజీ పక్షంలో కెప్టెన్ ఆడమనిషి, నాయకుడు లెఫ్టినెంటు, అంటే ఒక మెట్టు కింద. ఆమె ఎదురైతే చూపు కలపడానికి ముందు వీడు సెల్యూట్ కొట్టాలి. అలంకార శాస్త్రంలో అనుభావాల పట్టికలో కటాక్షం ఉంది, పులకింత ఉంది, చెమట కూడా ఉంది. సెల్యూట్ లేదు. భరతుడు కంటోన్మెంటు చూడలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఏంటట = ఏమిటి + అట. 'అట' అంటే ఎవరో అన్నారని అర్థం. నిజానికి ఎవరూ అనలేదు. బాబాయి నోరు తెరిచాడంతే. ముప్ఫై ఏళ్లకు మించిన కాపురంలో, భర్త అనబోయేదాన్ని కూడా అన్నట్టే లెక్కగట్టి ఖండించే ప్రయోగమిది. వ్యాకరణాలు దీన్ని గుర్తించలేదు.

బాబాయి అనబోయింది ఇది, తర్వాత అన్నాడు కూడా: ఆఫీసరుకీ ఆఫీసరుకీ అయితే తప్పేం లేదు, సర్వీస్ కపుల్స్ బోలెడుమంది ఉన్నారు. కానీ ఆ కొరియా పిల్ల వ్యవహారం ఇక్కడ కుదరదు. ఆఫీసర్స్ మెస్సు వేరు, కింది ర్యాంకుల మెస్సు వేరు. కలిసి భోంచేయని ఇద్దరికి పెళ్లి భోజనాలు ఎక్కడ పెడతారు? 

ఈ చిక్కంతా ఎందుకనే కాబోలు, మన సినిమా కవులు సైనికుడికి జోడీని సైన్యం బయటే వెతుకుతారు. 'కంచె' (2015)లో ధూపాటి హరిబాబు పోరాడేది యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం, ప్రేమ మాత్రం ఊళ్లో. 'సీతారామం' (2022)లో లెఫ్టినెంట్ రామ్ కాశ్మీరులో కాపలా ఉంటే, భార్యనంటూ ఉత్తరాలు రాసిన సీతామహాలక్ష్మి నిజానికి నూర్జహాన్ అనే యువరాణి. అక్కడ ర్యాంకుల తేడా లెఫ్టినెంటు–కెప్టెన్ల తేడా కన్నా చాలా పెద్దది, కానీ అది మిలిటరీ లెక్కలోకి రాదు కాబట్టి సెల్యూట్ గొడవ లేదు. హిందీలో 'లక్ష్య' (2004) నాయకుడు కరణ్ షేర్గిల్ అచ్చం ఢిల్లీ పిల్లాడు. ఏం చదవాలో తెలియక సైన్యంలో చేరి కార్గిల్ కొండెక్కాడు. అతని జోడీ టీవీ విలేఖరి. ఆమె కూడా ఆ యుద్ధభూమికే వచ్చింది, కాకపోతే మైకు పట్టుకుని.

విశేషం: బాబాయి ఈ సందర్భంలోనే ఒక అపురూపమైన పదబంధం బయటపెట్టాడు. ఫౌజీ కోర్టు మార్షల్ పరిభాషలో ఒక అభియోగం ఉంది: తోటి అధికారి భార్య అనురాగాన్ని దొంగిలించుట. వినగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇన్ని శతాబ్దాల ప్రబంధాల్లో మనసు దొంగిలించినవాళ్లు కోకొల్లలు, ఒక్కడి మీదా ఛార్జిషీటు పడలేదు. దీని ప్రకారం అనురాగం చరాస్తి. దానికి యజమాని భర్త. భార్య అది ఉంచిన బీరువా. దొంగసొత్తు స్వాధీనం చేసుకునే విధానం మాత్రం ఎక్కడా చెప్పలేదు. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. అయినా సైన్యం తన క్రమశిక్షణ చర్యలు తాను తీసుకోవచ్చని 2023 జనవరి 31న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అంచేత బీరువాకి తాళం ఇంకా ఉంది.

"బీరువాని ఎవరూ అడగరా?" అంది చెల్లెలు. బాబాయి పెరుగు అందుకున్నాడు.

తృతీయ వాక్యం: పెళ్లయితే ఒకే చోట పోస్టింగిస్తారుగా

గా = కదా. ప్రశ్న కాదు, ప్రార్థన. ఈ వాక్యమే గ్రంథానికి హృదయం. మిగతా మూడూ దీని చుట్టూ కట్టిన ప్రహరీ.

వాచ్యార్థం: సర్వీసులో ఉన్న భార్యాభర్తలకి వీలైనంతవరకు ఒకే స్టేషన్‌లో పోస్టింగు ఇవ్వడం సైన్యంలో ఉన్నదే. 'వీలైనంతవరకు' అన్న మాట మూలంలో లేదు, బాబాయి చేర్చాడు.

ఇప్పుడు నర్సు సంగతి. ఒక అమ్మాయి మిలిటరీ నర్సింగ్ సర్వీసుకి ఎంపికై ఢిల్లీ ఆర్మీ హాస్పిటల్లో ట్రైనీగా చేరింది. లెఫ్టినెంట్ అయింది. ఆర్మీ అధికారినే పెళ్లి చేసుకుంది. 1988లో ఆమెను ఇంటికి పంపేశారు. కారణాల్లో పెళ్లి ఒకటి. అప్పుడు అమల్లో ఉన్న 1977 నాటి ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ అలా ఉంది, అదీ నర్సింగ్ సర్వీసులోని స్త్రీలకి మాత్రమే. 1995లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది. చివరికి సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని, 60 లక్షల రూపాయలు పరిహారంగా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు తేదీ 2024 ఫిబ్రవరి 14. ప్రేమికుల రోజున ఇవ్వాలని ఎవరూ అనుకుని ఉండరు. కాలెండరుకి కూడా అప్పుడప్పుడు కవిత్వం వస్తుంది.

మొదటి వాక్యంలోని ఏకారం ఇప్పుడు విప్పుకుంటుంది. డాక్టరమ్మే. నర్సమ్మ అయితే ఆ రోజుల్లో పెళ్లి నాడే కథ ముగిసేది, రెండు జీతాల్లో ఒకటి పోయేది. తెర మీద లెఫ్టినెంటు కెప్టెన్ డాక్టరు వెంటపడుతుంటే దేశమంతా నవ్వుకున్న సంవత్సరానికి సరిగ్గా ముందు సంవత్సరం, తెర బయట లెఫ్టినెంటు నర్సు ట్రంకుపెట్టె సర్దుకుంది. ఇదంతా పిన్నికి తెలుసా? తెలియదు. కానీ లెక్క సరిపోయిందని ఆమె అంది, సరిపోయింది. మహాకవుల వాక్యాలకే ఇలా జరుగుతుందనుకున్నాను.

ధ్వని: ఇక వ్యంగ్యార్థం. 1989లో బాబాయి ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న నేను అడిగేదాకా టేబుల్ దగ్గర ఎవరికీ తోచలేదు. శ్రీలంకలో. 1987 నుంచి 1990 మార్చి దాకా అక్కడున్న శాంతి సేనలో. పిన్ని ఢిల్లీ కంటోన్మెంటులో, భర్తలు ఫీల్డులో ఉన్న కుటుంబాలకిచ్చే క్వార్టర్లో, ఆర్నెల్ల పిల్లాణ్ణి పెట్టుకుని. పక్కింటి పంజాబీ ఆంటీ వాళ్ల టీవీలో ఫౌజీ. ఉత్తరం రాస్తే చిరునామాలో ఊరి పేరుండదు, ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) నంబరు ఉంటుంది. "మీ బాబాయి ఏ ఊళ్లో ఉన్నాడో పోస్ట్‌మాన్‌కే తెలియకపోతే నాకెట్లా తెలుస్తుంది?" అంది పిన్ని, అప్పడం విరుస్తూ.

పేరు ఎత్తనన్నాను గానీ, మల్లినాథుడు టీక రాసిన మేఘసందేశంలో యక్షుడి కథ ఇదే కదా. డ్యూటీలో అశ్రద్ధ చేశాడు, యజమాని ఏడాది పాటు నాన్-ఫ్యామిలీ స్టేషన్‌కి వేశాడు. అతగాడికి మేఘం దొరికింది. పిన్నికి ఇన్‌లాండ్ లెటరు. రసం విప్రలంభ శృంగారం. స్థాయి రతి. ఉద్దీపన విభావం దూరదర్శన్.

కాబట్టి అన్వయం ఇలా చెప్పుకోవాలి: ఇద్దరూ యూనిఫాంలోనే ఉంటే, ఒకడు వెళ్లిన చోటికి రెండో మనిషి కూడా వెళ్లొచ్చు, కనీసం అడగొచ్చు. పిన్ని అభిమన్యు కోసం డాక్టరమ్మని ఎన్నుకోలేదు. డాక్టరమ్మ కోసం పోస్టింగుని ఎన్నుకుంది.

చెల్లెలు దీనికి ఉపవ్యాఖ్య చేసింది. 2025 మే 30న నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి తొలిసారి అమ్మాయిలు పాసవుటయ్యారు, పదిహేడు మంది. ఇకమీదట సీరియల్ రాసేవాడు అమ్మాయిని ఆసుపత్రిలోనే కూర్చోబెట్టక్కర్లేదు. అబ్బాయికే తుపాకీ దెబ్బ తగిలించక్కర్లేదు. ఇద్దరూ ఒకే స్క్వాడ్రన్‌లో పీటీ చేసి వస్తారు. "ట్రైనింగ్‌లో ఉండగా పెళ్లి కుదరదు, రాసుకో" అన్నాడు బాబాయి. రాసుకున్నాను.

చతుర్థ వాక్యం: ముందు అన్నం తినండి

ముందు = అన్నిటికన్నా ముందు. వెనక ఏముందో మూలంలో లేదు.

తినండి = బహువచనం. శ్రోతలం ముగ్గురం కాబట్టి అనుకున్నాను. కానీ చెల్లెల్ని పిన్ని 'నువ్వు' అంటుంది, నన్నూ అంతే. 'మీరు' అనేది ఒక్కరినే. ఆ ఒక్కరు కర్నల్‌గా రిటైరైనాయన, శ్రీలంక నుంచి తిరిగొచ్చాక ఆర్నెల్లపాటు కంచం ముందు మాట్లాడకుండా కూర్చున్నాయన, ఇప్పుడు జోడీల గొడవలో పడి పప్పన్నం చల్లార్చుకుంటున్నాయన. 

పాఠాంతరం: 'ముందు అన్నం తినండి, చల్లారిపోతోంది' అని చెల్లెలి ప్రతిలో ఉంది. నా ప్రతిలో లేదు. నేనప్పటికే నెయ్యి గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లాను.