గూఢచారులు కావలెను

1942లో హాలీవుడ్‌కి వచ్చిన కరువు అంతా ఇంతా కాదు. యుద్ధం వచ్చిపడింది, జనానికి ధైర్యం నూరిపోయాలి, సినిమాకో గూఢచారి కావాలి. అంతమంది ఎక్కడ దొరుకుతారు?

యూనివర్సల్ వాళ్లు షెర్లాక్ హోమ్స్‌ని పట్టుకొచ్చారు. విక్టోరియా రాణి కాలం మనిషి నాజీల మీదికెలా వచ్చాడని ఎవరైనా అడుగుతారేమోనని, ఆయనకి వయసు లేదని ముందే తెర మీద రాసేశారు. (మన హీరోలకీ లేదు, కాకపోతే మనవాళ్లు రాయరు.) 'వాయిస్ ఆఫ్ టెర్రర్'లో హోమ్స్ పాత టోపీ అందుకోబోతే వాట్సన్ అడ్డుపడతాడు, మాటిచ్చావు కదా అని. టోపీ మారింది, శతాబ్దం మారిపోయింది! ఇంతకీ ద్రోహి ఎవరు? బ్రిటన్ గూఢచార మండలిలోనే ఇరవై ఏళ్లకు పైగా వేషం మార్చి తిరిగిన జర్మన్. పై కుర్చీలో ఇన్నేళ్లూ శత్రువే కూర్చున్నాడని తెలిసి లండన్ జనం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయి ఉండాలి.

అసలు గూఢచారులూ వచ్చారు లెండి. ఆ జూన్‌లో జర్మనీ జలాంతర్గాముల్లో 8 మందిని అమెరికా తీరాన దింపింది. ఒక జట్టు నాయకుడు జార్జ్ డాష్ తనే ఎఫ్‌బీఐకి ఫోన్ చేసి వివరాలన్నీ చెబుతానంటే, అవతలాయన ఎవడో పిచ్చివాడనుకున్నాడు. పాపం, వాషింగ్టన్ దాకా వెళ్లి, తెచ్చిన 84 వేల డాలర్లు బల్ల మీద కుమ్మరిస్తేగానీ నమ్మలేదు. ఈ సీను ఏ నిర్మాత తీస్తాడు? హీరో ఏడీ ఇందులో?

సరుకు దొరకనప్పుడు పక్కింటివాడే సరుకు. ఫాక్స్ కంపెనీ అదే ఏడాది 'లిటిల్ టోక్యో, యు.ఎస్.ఏ.' తీసింది. లాస్ ఏంజెలెస్‌లోని జపనీయుల పేటే గూఢచారుల పుట్టని కథ. రాత్రి సీన్లకు ఆ పేట పనికిరాలేదు. దీపం లేదు, మనిషి లేడు. ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెట్టిన సంతకంతో సర్కారు ఆ పేటవాళ్లనప్పటికే మూటాముల్లెతో శిబిరాలకు తరలించేసింది. సరే, పక్కనున్న చైనాటౌన్‌లో కానిచ్చారు. విలన్ వేషానికి ఓ తెల్ల నటుడికి రంగు పులిమారు. ఊరిని ఎందుకు ఖాళీ చేయించాలో, ఊరు ఖాళీ అయ్యాక, వేరే పేటలో, వేరే ముఖాలతో రుజువు చేశారన్నమాట.

ప్రచారమే పనిగా పెట్టుకున్న యుద్ధ సమాచార కార్యాలయానికే ఈ బొమ్మ చూసి కడుపులో తిప్పింది. యుద్ధం ముగిసేసరికి, శిబిరాలకు పోయిన సుమారు 1,20,000 మందిలో గూఢచర్యం కింద శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు. సినిమా మాత్రం గంట పైచిలుకులో పేటంతటికీ శిక్ష వేసేసింది.