వేడి బాబాయి

వేలి పక్కన రెండు నీటిపొక్కులు లేస్తే మీకన్నా ముందు బాబాయికి కనబడతాయి. పెళ్ళి బంతిలో మీరు పప్పు కలుపుతుంటే చటుక్కున చెయ్యి పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తీర్పు చెప్పేస్తాడు.

"వేడి చేసిందిరా."

వీధికొక బాబాయి ఉంటాడు ఇలాంటివాడు. రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళ ఒళ్ళన్నీ తన ఆఫీసు ఫైళ్ళే. నోటిపూతా వేడే, కంటికురుపూ వేడే. సంక్రాంతి చలిలో వణుకుతూ చూపించినా "అది లోపలి వేడి" అంటాడు. మందులూ సిద్ధం: సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ, రాత్రిపూట అరికాళ్ళకు ఆముదం. వంకాయ, గోంగూర పూర్తిగా మానెయ్యాలి. వంటింట్లోంచి పిన్ని "అంట్ల సబ్బు మార్చి చూడరాదూ" అంటుంది. నిజానికి ఆ ఇంట్లో వైద్యానికి కాస్త దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోరు.

వేళ్ళ పక్కలా అరచేతుల్లోనూ చర్మం కింద సగ్గుబియ్యం పొదిగినట్టు లేచి, ప్రాణం తోడేసేలా దురదపెట్టే ఈ పొక్కులను చర్మవైద్యులు పామ్‌ఫాలిక్స్ అంటారు. ఎగ్జిమాలో ఒక రకం, అంటుకోదు. చెమట, మనోవ్యథ, సబ్బులు, నికెల్ లాంటి లోహాలు దీన్ని రేపుతాయి. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. "ఎందుకొచ్చాయో చెప్పలేం" అని డాక్టరు ఫీజు తీసుకుని మరీ అంటాడు. బాబాయి ఆ మాట పుట్టి బుద్ధెరిగి అనలేదు, పైసా పుచ్చుకోలేదు. జనం ఎటు మొగ్గుతారో మీరే చెప్పండి.

1873లో టిల్బరీ ఫాక్స్ అనే లండన్ వైద్యుడు ఇదంతా చెమట గ్రంథుల దోషమనుకుని డిస్‌హైడ్రోసిస్ అని పేరు పెట్టాడు. తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే పాపం వాటి తప్పేమీ లేదని తేలింది. పేరు మాత్రం పోలేదు. ఈ కథ చెబితే బాబాయి సగమే విన్నాడు.

"చెమటన్నాడా లేదా? చెమట దేనికి పడుతుందిరా? దొరకీ తెలిసింది, వేడని!"

ఆయన హస్తవాసి గుట్టు ఇంకోచోట ఉంది. ఈ పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతటవే ఎండి పొట్టు రాలిపోతాయి. అప్పటికి మజ్జిగ తాగుతున్నవాడికి మజ్జిగ గుణమిచ్చినట్టే, ఆ పుణ్యం బాబాయిదే. మెడికల్ షాపులో అడక్కుండా ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు కన్నా ఈయనే నయమనుకోండి, మజ్జిగతో చర్మం పల్చబడదు.

ఇవి మళ్ళీ మళ్ళీ వచ్చే రకం. ఆర్నెల్ల తర్వాత అవే వేళ్ళు పట్టుకెళితే బాబాయి కంగారుపడడు.

"మధ్యలో వంకాయ తిన్నావా?"

గుత్తివంకాయ వండకుండా ఆర్నెల్లు గడిచే ఇల్లేది? మీరు నీళ్ళు నములుతారు.

"మరి నన్నడుగుతావేం?"