ల్యాపుల్లో జీతం

హుస్సేన్‌సాగర్ చుట్టూ ఫార్ములా-ఈ కార్లు రయ్యిమన్నది 2023 ఫిబ్రవరి 11న. ఆ ఒక్కసారే. 2024 రేసు రద్దు.

కార్లు ఆగాయి గానీ పరుగు ఆగలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆ రేసు వ్యవహారంలో ఏసీబీ కేసు పెట్టింది. ఇప్పుడు ట్రాకు మీదున్నవి ఫైళ్లు.

అటు గ్రేటర్ నోయిడాలో ఎఫ్-1 మూడేళ్ల ముచ్చటే. 2011లో వచ్చి 2013తో చెక్కేసింది. రేసు ఆట కాదు, వినోదం, పన్ను కట్టమంది యూపీ సర్కారు. కార్లకది వినోదంగా తోచలేదు.

జనానికి రేసులంటే మోజు తగ్గిందని మార్కెటింగు బాబుల బెంగ.

ఓసారి విశాఖ రండి బాబూ.

కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికుణ్ని కదపండి. 2024లో ఆయనకు నెల జీతమే ల్యాపుల్లో వచ్చింది. మొదటి ల్యాపు ఈఎంఐకి. రెండోది కిరాణా కొట్టుకి. గీత దాటేలోపే ఇంటద్దె వెనక నుంచి హారన్!

2025 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. పిట్‌స్టాప్ అన్నమాట. ఎఫ్-1లో అది మూడు సెకన్ల పని. ఇక్కడ ఫైలు మీద సంతకానికి పెన్ను మూత తీయడానికే అంత పడుతుంది.

అయినా రేసుకి టికెట్టెందుకండీ?

కాన్వెంట్ జంక్షన్‌లో పోర్టు లారీల సందులోంచి దూరే ఆటోని చూడండి. డ్రైవరుకి అటొకరు, ఇటొకరు. ఆయన సీటు మీద సగమే ఉంటాడు. మిగతా సగం గాల్లో.

స్పాన్సర్లకో మనవి. మీ స్టిక్కరు ఆ ఆటోకి అంటించుకోండి. డబ్బులు మాత్రం ఒకే విడతలో ఇవ్వాలి.