జంట యాత్ర: సీట్లు చాల్తలేవు!

గల్ఫ్ నుంచి సెలవు మీద సిరికొండకు దిగిన మొగుడు ‘ఇద్దరమే ఎటన్నా పోదాం’ అన్నాడు. గుసగుసగానే అన్నాడు పాపం. గోడవతల అవ్వ ఉంది.

తెల్లారేసరికి తుఫాన్ బండి మాట్లాడారు. బాపు, అవ్వ, అత్తామామలు, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు, ఒడిలో సకినాల డబ్బా.

ఎటు? పెళ్లానికి గోవా. అవ్వకు పండరిపురం, బాపుకు తుల్జాపూర్, మామకు షిర్డీ. సముద్రానికి డిపాజిట్ గల్లంతు.

తొలి మజిలీ బోధన్. కొత్త జంట తీపి యాత్ర కదా, 1937లో పుట్టి 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ దగ్గర బండి ఆపారు. ఎన్నికలప్పుడల్లా తెరుస్తామనే ఆ గేటు ముందే జంట సెల్ఫీ. మధ్యలో అవ్వ.

ముందు సీట్లో మొగుడు: టోల్ కట్టాలి. వెనక సీట్లో పెళ్లాం: పిల్లల వాంతులు పట్టాలి. ముచ్చట్లన్నీ వాట్సాప్‌లో. నాందేడ్ దాటాక సిగ్నల్ కూడా పోయింది.

షిర్డీలో రెండు గదులు తీసుకున్నారు. ఒకటి ఆడోళ్లకు, ఒకటి మగోళ్లకు.

వచ్చే సెలవుకు తానే దుబాయ్ వస్తానంది ఆమె.

అవ్వ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది.